కాలు కదుపుతూ మొక్కే నిలుపులమ్మ

నిలుపులమ్మ గుట్ట కథ చాలా చిన్నది. మెట్లెక్కేలోపు చెప్పి ముగించవచ్చు. అయితే ప్రతి మెట్టు మీదా దాతగారి పేరు చెక్కించారు కనుక, చదువుకుంటూ ఎక్కేవారికి ఆలస్యమవుతుంది. దాతగారు మాత్రం మోకాళ్ళ నొప్పుల వల్ల ఇంతవరకు పైకి రాలేదు. ఇప్పటి పూజారిగారు గుట్ట దిగి పక్క ఊరికి కూడా వెళ్ళరు. అత్తవారి ఊరికైతే అసలే వెళ్ళరు. అది ఆచారమని ఆయన అంటారు, కాదని ఆయన భార్య అంటుంది.

అమ్మవారి ఎదుట బండలో రెండు పాదాల గుంటలున్నాయి. అక్కడ నిలబడి మొక్కేవారు కాళ్ళు కదుపుతూనే మొక్కాలి. కారణం ఇది.

పూర్వం ఇక్కడ కరియన్న అనే గొర్రెల కాపరి, అతని భార్య నింగమ్మ ఉండేవారు. గడ్డి ఎండగానే కరియన్న మందను తోలుకుని ఏటి వైపు వెళ్ళేవాడు. మళ్ళీ తొలకరికే రాక. ఆ మధ్యకాలమంతా నింగమ్మకు గుడిసెలో మాట్లాడే దిక్కుండేది కాదు.

"మీ ఆయన ఇంటికి చుట్టమా నింగక్కా?" అని ఇరుగుపొరుగు నవ్వేవారు.

"ఈసారికి ఆగు" అని ఆమె బతిమాలితే, "గొర్రెలకు కాళ్ళుండాయి, గడ్డికి లేవు. నేనేం సేసేదే?" అనేవాడు.

ఒక ఏడు ఆమె అమ్మవారి ముందు పడి ఏడ్చింది. అమ్మవారు కలలో కనిపించి, "బాగా ఆలోచించి అడుగు" అంది. నింగమ్మ ఆలోచించకుండా, "ఆయన కాలు ఈడ నుంచి కదలకూడదు తల్లీ" అంది.

తెల్లవారి, వెళ్ళే ముందు మొక్కుకుందామని గుట్టెక్కిన కరియన్న పాదాలకు చెట్టుకు మల్లే వేళ్ళు మొలిచి బండలోకి దిగిపోయాయి. ఆ పూట నింగమ్మ సంతోషంగా సంగటి వండి తీసుకువెళ్ళింది. సాయంత్రానికి మంద ఆకలికి అరవసాగింది. ఊరంతా వచ్చి సలహాలిచ్చింది గానీ కర్ర ఎవరూ అందుకోలేదు. చివరికి నింగమ్మే అందుకుని, మందను తోలుకుని వెళ్ళింది.

తొలకరికి వచ్చినప్పుడల్లా ఆమె అతని కాళ్ళు పట్టుకుని, "నిన్ను ఈడ నిలుపుకుందామని నేనే ఈడ లేకుండా పోతినే" అని ఏడ్చేది. కరియన్న వానలకు కళగా ఉండేవాడు, ఎండలకు వడలిపోయేవాడు. ఏళ్ళు గడిచాక అమ్మవారికి జాలి కలిగి, తొలివాన నీటితో పాదాలు కడగమని కలలో చెప్పింది. కడగగానే వేళ్ళు ఊడిపోయాయి. డప్పులు మోగాయి. కరియన్న ఒక కాలు ఎత్తి, మళ్ళీ ఆ గుంటలోనే పెట్టాడు.

"ఇంగ నడవాలంటే భయమే నింగీ" అన్నాడు.

నింగమ్మ ఆ ఏడు ఇంట్లో ఉండి చూసింది. కప్పు కింద ఆమెకు నిద్ర పట్టలేదు. గడ్డి ఎండగానే మందతో బయలుదేరింది. కరియన్న గుడి దగ్గరే పూజారిగా ఉండిపోయాడు. ఇప్పటి పూజారులు అతని తమ్ముడి వంశంవారు.

నేటికీ తొలివానకు దంపతులు కలిసి ఆ గుంటల్లో నీళ్ళు పోస్తారు. అలా పోసినవారి కాపురం చల్లగా ఉంటుందని నమ్మకం. తిరిగొచ్చే మందలు ఆ నీళ్ళే తాగుతాయి. ఈ ఆచారం మొదలుపెట్టినవాడు కరియన్న. నింగమ్మ వెళ్ళిన మరుసటి తొలకరికి అతను గుంటలు నింపి ఎదురుచూశాడు. మంద ఒక్కటే వచ్చింది. నింగమ్మ రాలేదు.