తిరగబడిన ఐసు మిషను

చేపల రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీ నడిపే నూకరాజుకి తన బుర్ర మీద గొప్ప నమ్మకం. తమ్ముడు సింహాద్రికి అన్న బుర్ర మీద అంతకన్నా నమ్మకం. ఈ ఇద్దరి తెలివి మీద ఎవరి కళ్ళు పడతాయోనని మేనత్త గున్నమ్మ రోజూ ఉప్పుతో దిష్టి తీసేది.

మిషను బిగించిన మెకానిక్ యోహాను, దీన్ని కంటికి రెప్పలా చూసుకోండని చెప్పి వెళ్ళాడు. అంతే, ఆ రోజు నుంచి వంతులేసుకుని ఎవరో ఒకరు దాని ముందు కూర్చుని రెప్పలు ఆడిస్తూనే ఉన్నారు. ఏళ్ళ తరబడి మిషనుని ఒక్కసారి కూడా ఆపలేదు. అదే వాళ్ళ గొప్ప.

ఐసు దిమ్మ పడినప్పుడల్లా గోడకున్న పెట్టె ఒక అంకె పెంచేది. ఒక పొద్దున లెక్క ముప్పైరెండు వేల ఏడువందల అరవై ఏడు దాకా వెళ్ళింది. ఆ తర్వాతి దిమ్మకి అంకె ముందు అడ్డగీత వచ్చి, లెక్క మైనస్‌లో పడి, మిషను ఆగిపోయింది. బయట దానయ్య బోటు నిండా వంజరం చేపలు. మధ్యాహ్నంలోగా ఐసు పడకపోతే సరుకంతా కుళ్ళిపోతుందని అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

నూకరాజు ఆలోచించాడు. మైనస్ అంటే తక్కువ. మిషనుకి ఐసు తక్కువైంది, కాబట్టి ఇచ్చింది వెనక్కి పోయాలి. ఇంకేముంది, దానయ్య బోటులో మిగిలిన కాస్త ఐసు కూడా మోసుకొచ్చి మిషన్లో పోశారు. గీత పోలేదు.

ఫోను చేస్తే యోహాను, ఆపకుండా నడిపారు కదా, ఆ పెట్టెలో అంతకన్నా పెద్ద అంకె పట్టదు, లెక్క నిండిపోయి తిరగబడింది అన్నాడు.

"తిరగబడిందంటరా," అన్నాడు నూకరాజు గొంతు తగ్గించి. "మనం దానికేటి తక్కువ చేశాం?"

అంతే, సింహాద్రి వలతాడు తెచ్చి మిషనుని కట్టేశాడు. అలిగినవాళ్ళని కట్టకూడదని గున్నమ్మ, పెట్టె ముందు అన్నమూ చేపల పులుసూ పెట్టి బతిమాలింది. పులుసు చల్లారింది గానీ పెట్టె మెత్తబడలేదు. చేపల కళ్ళు మసకబారుతున్నాయి, దానయ్య కళ్ళు ఎర్రబడుతున్నాయి.

మళ్ళీ ఫోను. దాన్ని ఓసారి పడుకోబెట్టి లేపండి, చాలన్నాడు యోహాను.

నూకరాజుకి నిజంగానే జాలేసింది. ఇన్నేళ్ళూ తాము వంతులేసుకుని పడుకున్నారు గానీ, పాపం దానికి కునుకే లేదు. బొంత పరిచి, పెట్టెని గోడ నుంచి ఊడబీకి పడుకోబెట్టారు. ప్లగ్గు కూడా ఊడొచ్చింది. గున్నమ్మ జోల పాడింది. సింహాద్రి నిద్రపోయాడు. ముందు అతన్ని లేపి, తర్వాత పెట్టెని లేపి, ప్లగ్గు పెట్టగానే సున్నా వెలిగింది. దబ్బుమని దిమ్మ పడింది. దానయ్య చేపలు దక్కాయి. అతను ఐసు ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం యోహాను ఫోను చేసి, ఇకమీదట లెక్క నిండకుండా అప్పుడప్పుడూ ఖాళీ చేస్తుండమన్నాడు. నూకరాజు గడ్డం నిమురుకున్నాడు. ఖాళీ అవ్వాలంటే అడుగున చిల్లుండాలి కదా. ఇంకేముంది, సింహాద్రి డ్రిల్లు తెచ్చి పెట్టె అడుగున పొడిచాడు. టప్పుమని పేలి, పొగొచ్చి, అంకెలన్నీ మాయమయ్యాయి.

నూకరాజు తృప్తిగా తలూపాడు. కారిన అంకెల మీద ఎవరైనా జారిపడతారని గున్నమ్మ కింద బకెట్టు పెట్టింది. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. చాలాసేపటికి సింహాద్రి బకెట్లో చెయ్యి పెట్టి తడిమి, ఏమీ లేదన్నాడు.

"పెట్టెలో వెలిగితేనే కదరా అంకెలు కనపడేది," అన్నాడు నూకరాజు. "కిందపడ్డాక ఏటి కనపడతాయి? నిండుగా ఉంది. మెల్లిగా ఎత్తు, ఒలకబొయ్యకు."

సింహాద్రి ఖాళీ బకెట్టుని రెండు చేతులా ఎత్తుకుని, అడుగులో అడుగేసుకుంటూ, సముద్రంలో పారబోయడానికి బయల్దేరాడు.