పాముచేప తెరిచిన నోరు

ద్వీపానికి తూర్పున, అలల కింద ఒక పగడాల దిబ్బ. దాని నడుమ నున్నటి బండ. ఆ బండ దగ్గర ఒకటే కట్టుబాటు. ఎంత పెద్ద చేపైనా నోరు తెరిచి నిలబడాలి. వేలెడంత చుక్కి చేప లోపలికి దూరి పళ్ల సందుల్లో మురికి తింటుంది. అది బయటికొచ్చేదాకా నోరు మూయకూడదు. మూసిందా, దిబ్బ మీద ఇంకెవరూ దాని నోరు కడగరు. పురుగు పట్టి, చిగుళ్లు కుళ్లి చావాల్సిందే.

ఆ బండ కింది తొర్రలో ఆక్టోపస్ తల్లి గుడ్లు పెట్టింది. గుమ్మానికి రాళ్లు అడ్డం పేర్చుకుంది. పైకప్పుకు దండల్లా వేలాడే గుడ్లను తుడుస్తూ, నీళ్లు ఊదుతూ, పెట్టిన రోజు నుంచి ముద్ద ముట్టలేదు. ఒళ్లు పాలిపోయింది. ఈ సాయంత్రం గుడ్లలో కళ్లు కదులుతున్నాయి.

పక్క కంతలోంచి పాముచేప తల బయటపెట్టింది. దిబ్బకంతటికీ పెద్దమనిషి. "ఇన్నేళ్లలో చుక్కి మీద పన్ను ఆన్చానా?" అని రోజూ చాటుకునే రకం. బండ దాటాక ఎవరెవర్ని మింగిందో అడిగే దిక్కు లేదు.

"చెల్లెమ్మా, బుడగల మనుషులు దిగుతున్నారు. వీపున సిలిండర్లు, చేతుల్లో లైట్లు. నీ పిల్లలు పుట్టేది చూడ్డానికేనట. తొర్రలో చేతులు పెడతారేమో! నువ్వు ఇసకలోకి పోయి, రంగులు మార్చి వాళ్లను మరిపించు. గుమ్మంలో నేనుంటాగా."

తల్లికి నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేదు. రాళ్ల చాటున తనకు భయం లేదు. కానీ పిల్లలు బయటికి రాక తప్పదు. గుమ్మంలో ఈ నోరుంటే ఒక్కటీ మిగలదు.

"నువ్వు గాక నాకెవరున్నారన్నా? కానీ నీ నోరు కంపు. ఆ మురికి తగిలితే నా గుడ్లు బూజు పడతాయి. ముందు బండెక్కి కడిగించుకో. తర్వాత వెళ్తాను."

"అంతేనా!" అంటూ పాముచేప బండెక్కింది.

తల్లి రాళ్ల సందులోంచి గుసగుసగా పిలిచింది. "చుక్కీ, నా పిల్లలు దాటేదాకా దాని నోట్లోంచి రాకు."

"నా ప్రాణం దాని పళ్ల మధ్య పెట్టమంటావా పిన్నీ?"

"అంతమంది చూస్తుండగా అది నోరు మూయదే. దానికి ఆకలి కన్నా పేరు ఎక్కువ."

చుక్కి ఆ పళ్ల వరసను ఒకసారి చూసింది. తర్వాత లోపలికి దూరింది. కిందికి దిగిన మనుషుల లైట్లన్నీ ఆ తెరిచిన నోటి మీద పడ్డాయి. చేపలు చుట్టూ మూగాయి. పాముచేప గర్వంతో ఉబ్బిపోయింది.

అప్పుడు తల్లి రాళ్లు తోసేసి, ఒంట్లో మిగిలిన సత్తువంతా పెట్టి నీళ్లు ఊదింది. గుడ్లు పగిలాయి. బియ్యపు గింజంత పిల్లలు, వందలకు వందలు, ఆ నోటి ముందు నుంచే పైకి తేలిపోయాయి.

"అయిందా చుక్కీ?" పాముచేప గొంతులోనే గొణిగింది.

"వెనక పన్ను మామా, ఎంత పాచో! కదలకు, ఫొటోలు తీస్తున్నారు."

చివరి పిల్ల చీకట్లో కలిశాక చుక్కి బయటికొచ్చింది. లైట్లు పైకి వెళ్లిపోయాయి. పాముచేప ఒక్క ఊపున తొర్రలోకి తల దూర్చింది. ఖాళీ దండలు. వాటి కింద చేతులన్నీ ముడుచుకుని, చలనం లేని తల్లి.

పైన పడవలో మనుషులు తల తుడుచుకుంటూ చెప్పుకున్నారు. "నోటి ముందు నుంచి పోతున్నా పసివాటిని ముట్టలేదు, చూశావా? ఎంత దయగల జీవి!"

నలుగురి ముందు మంచితనం నటించేవాడు, ఆ నలుగురూ వెళ్లేదాకా ఆకలితో మాడాల్సిందే.