వంటశాలకు వేపమండ

ఒకానొక రాజ్యంలో న్యాయం కావలసినంత దొరికేది. దొరకనిదల్లా దాని ఫలమే.

ఆ రాజ్యాన్ని ఏలే ఉద్దండవర్మకు తన ధర్మబుద్ధి మీద మహా గురి. "తీర్పు నచ్చకపోతే మళ్లీ మొర పెట్టుకోవచ్చు. అదీ నచ్చకపోతే ఇంకోసారి. ఇంత ధర్మం మరెక్కడైనా ఉందా?" అని సభలో తానే అడిగి, లేదని తానే చెప్పుకునేవాడు.

మొర పెట్టుకునే పద్ధతీ ఆయన పెట్టిందే. తగవు గాదె మీదైతే గాదె తలుపుకు, ఆవు మీదైతే దాని కొమ్ముకు వేపమండ కట్టాలి. రాజు విచారించేదాకా ఆ మండను ముట్టుకున్నవాడికీ, అది కట్టినదాన్ని వాడుకున్నవాడికీ కొరడా దెబ్బలు.

ఆ ఊళ్లో రాచప్ప అనే నేతి వర్తకుడు పెళ్లాన్నీ, చంటిబిడ్డనూ వదిలేసి వేరే కాపురం పెట్టాడు. బిడ్డ పోషణకు నెలనెలా వడ్లూ, పాలూ ఇవ్వమని ధర్మాసనం తీర్పు చెప్పింది. రాచప్ప తన గాదెకు వేపమండ కట్టాడు. రాజు ఆ మొర కొట్టేస్తే మరో మండ కట్టాడు. ఒకటి ఎండేలోగా ఇంకొకటి వచ్చేది. ఈలోగా బిడ్డకు పళ్లు వచ్చాయి. నమలడానికి మాత్రం ఏమీ రాలేదు.

పెళ్లాం ఈరమ్మ బిడ్డను చంకనేసుకుని సభకు వచ్చింది. "మహారాజా, పిల్లదానికి గంజి కూడా పుట్టడం లేదు."

"తొందరెందుకమ్మా? నీ బకాయి ఎక్కడికీ పోదు. ఆఖరి మొర విన్నాక మొత్తం ఒక్కసారే ముడుతుంది" అన్నాడు రాజు. సభంతా భేష్ అంది.

ఈరమ్మ ఏడవలేదు. ఏడ్చే ఓపిక లేదు. అది చూసి ఆస్థాన విదూషకుడు చెన్నుభట్టుకు కడుపు మండింది. పైకి ఏమీ అనకుండా వెళ్లి వేపచెట్టు ఎక్కాడు.

మర్నాడు రాజు భోజనానికి వచ్చేసరికి వంటశాల తలుపుకు వేపమండ కట్టి ఉంది. పక్కనే చెన్నుభట్టు వినయంగా నిలబడి ఉన్నాడు.

"ఏమిటిది?"

"మొర, ప్రభూ. పులుసులో బెల్లం వేయమని ఆజ్ఞాపించారు. నాకు నచ్చలేదు."

"కొట్టేశాం. తీయండి!"

భటులు తీశారు. చెన్నుభట్టు ఇంకో మండ కట్టాడు. "కొట్టేసినందుకు ఇది, ప్రభూ."

అదీ కొట్టేశాడు రాజు. చెన్నుభట్టు మరొకటి కట్టాడు. చెట్టు పెద్దది.

"కొరడా తెండి!"

"కొరడా మండ ముట్టుకున్నవాడికి, కట్టినవాడికి కాదు. శాసనం తమరిదే."

పొద్దు వాలింది. లోపలినుంచి పులుసు వాసన వస్తూనే ఉంది.

"ఆకలేస్తోందయ్యా!" అన్నాడు రాజు చివరికి.

"భోజనం ఎక్కడికీ పోదు, ప్రభూ. ఆఖరి మొర విన్నాక అన్ని పూటలదీ ఒక్కసారే వడ్డిస్తారు."

"ఇవాళ్టి ఆకలికి ఎప్పుడో వడ్డిస్తే ఏం లాభం, మూర్ఖుడా?"

"నాకేం తెలుసు ప్రభూ? ఈరమ్మ కూతుర్ని అడగాలి. అనుభవం ఆమెకే ఎక్కువ."

రాజు పకపకా నవ్వాడు. ఆ నవ్వులో కొంత సిగ్గూ ఉంది.

"ఇకమీదట బిడ్డల తిండి తగవులో మొర ఒక్కటే. అదైనా గింజలు కొలిచి ఇచ్చాకే!" అని అక్కడికక్కడే శాసించాడు. వంటశాల తెరిపించి, ఈరమ్మనూ బిడ్డనూ పిలిపించి, వాళ్లు తిన్నాకే తాను కూర్చున్నాడు. ఆ రాత్రే రాచప్ప గాదెలోంచి పాత బకాయంతా బండ్ల మీద ఈరమ్మ ఇంటికి చేరింది.

రాజు తన ముత్యాలహారం చూపించి, "చెన్నుభట్టూ, ఇది నీకే. రేపు సభలో అందరి ఎదుటా ఇస్తాం" అన్నాడు.

"ఇప్పుడే ఇప్పించండి, ప్రభూ. మా పిల్లలూ ఇవాళే తింటారు."

రాజు మళ్లీ నవ్వి, హారం తీసి అతని మెడలో వేశాడు.