గుర్రం మనసు తెలిసిన పెద్దమనిషి

కొండమెట్ట దొర చిట్టిజగ్గరాజుకి సరదా పుట్టిందంటే ఊరందరికీ చెమటలు పట్టాల్సిందే. ఈసారి సరదా పేరు మెరుపు. నల్లటి ఆడగుర్రం, ఎక్కడిదో దూరదేశపు జాతి. కోటలో అడుగుపెట్టిన వారంలోనే మట్టిగోడ రెండుసార్లు దూకింది. రెండోసారి దూకి, రాణిగారు పూజకని పెంచుకుంటున్న మల్లెపందిరిని కాడలతో సహా ఆరగించి వచ్చింది.

దొర కొలువులో గద్దె చరిచాడు.

"మెరుపు మేసే బీడుకి కంచె కట్టాలి. దేంతో కట్టాలో మూడు రోజుల్లో తేల్చండి. అది బయటికొచ్చినా, దాని ఒంటిమీద గీత పడినా, సాహిణి పైడయ్యకి కొలువు ఊడినట్టే!"

లాయంలో గుర్రాలను సాకేవాడే ఈ సాహిణి పైడయ్య. అతనికి గుర్రాలతో తప్ప మనుషులతో మాట్లాడ్డం రాదు. ఆ లోటు తీర్చడానికే దేవుడు అతనికి నూకాలునిచ్చి పెళ్ళి చేశాడు. లాయానికి రోజూ గడ్డిమోపు తెచ్చేది ఆవిడే. పైడయ్య పదేళ్ళలో మాట్లాడాల్సింది ఆవిడ ఒక్కపూటలో మాట్లాడేస్తుంది.

కొలువులో ముందు లేచింది భీమశంకరంగారు. ఆయన బిరుదు అశ్వశాస్త్ర విశారద. గుర్రంమీద నూటెనిమిది శ్లోకాలు రాశారు. గుర్రంమీద కూర్చున్నది మాత్రం ఒక్కసారీ లేదు. పక్కవీధికి పోవాలన్నా పల్లకీయే.

"ఇందులో తేల్చడానికేముంది ప్రభూ? తుమ్మకంప! ఆనుకుంటే గుచ్చుకుంటుంది, గుచ్చుకుంటే ఆగుతుంది. గుర్రం మనసూ నా మనసూ ఒకటే. నాకు తెలీదా?"

దొర పొంగిపోయి అక్కడికక్కడే ఆయన భుజాన పట్టుశాలువా కప్పాడు.

మొగుడి వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డ నూకాలు ఆ మాట వింది. తుమ్మముళ్ళు మెరుపు తోలు చీరేస్తాయి. తోలు చీరిందా, తమ పొయ్యిలో పిల్లి పడుకుంటుంది.

"తప్పయితే కాయండి దొరా," అంది ముందుకొచ్చి. "ముల్లు చూసి ఆగేది మేక. గుర్రం బెదిరిందంటే ముల్లూ చూడదు, గోడా చూడదు. చిత్రిక పట్టి నున్నగా చేసిన వాసాలు మూడు వరసలు కట్టించండి. పై వరస దాని మెడంత ఎత్తున ఉండాలి. సున్నం కొడితే దూరాన్నుంచే కనబడుతుంది, దాని జోలికి పోదు."

విశారదులవారు శాలువా సవరించుకున్నారు.

"కర్రలా? గడ్డి మోసే బుర్రకి అంతకంటే ఏం తోస్తుంది! కంచె చేను మేసిందని విన్నాం. నీ కంచెనైతే గుర్రమే మేసేస్తుందే!"

కొలువంతా గొల్లుమంది. నూకాలు కూడా నవ్వింది.

"వేపవాసాలు మెయ్యదు బాబూ, చేదు. అనుమానముంటే తమరే ఓ కొస కొరికి చూడండి. గుర్రం మనసూ తమ మనసూ ఒకటే కదా!"

ఈసారి నవ్వు ఇంకాస్త పెద్దగా వచ్చింది. అయినా శాలువా కప్పాక దొర మాట వెనక్కి తీసుకుంటాడా? పరీక్షకని బీడులో ఓ మూల గుండ్రంగా తుమ్మకంప కట్టించాడు.

మూడోరోజు పొద్దున్నే పరివారంతో వచ్చి నిలబడ్డాడు.

"దింపరా మెరుపుని!"

పైడయ్య పగ్గం బిగించి మెరుపుని ఓ అడుగు వెనక్కి లాగాడు. నూకాలు గడ్డిమోపు కట్టే మోకు భుజాన వేసుకుని ముందుకొచ్చింది.

"ఒక్క మనవి దొరా. మా ఆయన మొద్దు. కంచెలో గుర్రం ఎలా మసులుకుంటుందో అతనికి తెలీదు. విశారదులవారు లోపల నిలబడి ఒక్కసారి చూపిస్తే నేర్చుకుంటాడు."

"భేష్! చూపించండి విశారదా," అన్నాడు దొర.

పొగడ్తకి పొంగనివాడు విశారదుడెలా అవుతాడు? ఆయన శాలువాతో సహా దర్జాగా లోపలికి నడిచారు. ఆయన వెనక నూకాలు, లోపలికెళ్ళే సందుకి అడ్డంగా ఓ కంప లాగింది.

"చూడవోయ్ పైడయ్యా," అంటూ ఆయన గొంతు సవరించుకున్నారు. "గుర్రం బెదిరిందే అనుకో. ఎదురుగా ముల్లు కనబడుతుంది. అప్పుడది ఏం చేస్తుంది? నింపాదిగా ఆలోచించి, రెండడుగులు వెనక్కి..."

సరిగ్గా ఆ రెండడుగుల దగ్గరే ఆయన కాళ్ళమీద ఏదో మెత్తగా పడి చుట్టుకుంది.

"బాబోయ్ పాము!" అని అరిచింది నూకాలు.

విశారదులవారు నింపాదిగా ఆలోచించలేదు. రెండడుగులు వెనక్కి వెయ్యనూలేదు. ఒక్క గెంతు గెంతి, కంపలో ఇటునుంచి దూరి అటు తేలారు. ఒంటిమీద నాలుగు గీతలతో బయటపడ్డారు గాని, శాలువా, తలపాగా, సగం పంచె ముళ్ళకే ఉండిపోయాయి.

లోపల నేలమీద గడ్డిమోకు చల్లగా పడుకుని ఉంది.

దొర దానివంక చూశాడు, ఆయనవంక చూశాడు. "తాడుని చూసి పామనుకున్నారా విశారదా! వేదాంతంలో మొదటి పాఠమే అది!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

నూకాలు తన తలగుడ్డ విప్పి, మొహం పక్కకి తిప్పుకుని, పెద్దమనిషికి చుట్టుకోమని అందించింది. అప్పుడు చేతులు జోడించింది.

"విశారదులవారి తప్పేం లేదు దొరా. బెదిరిన గుర్రం ఏం చేస్తుందో ఉన్నదున్నట్టు చూపించారు. మా కంచెని గుర్రం మేస్తుందన్నారు గాని, వారి కంచె శాలువానే మేసేసింది!"

పరివారం నవ్వాపుకోలేక ఒకరిమీద ఒకరు పడ్డారు. ఎప్పుడూ పెదవి విప్పని పైడయ్య కూడా మెరుపు జూలులో మొహం దాచుకుని కిసుక్కుమన్నాడు.

దొర కళ్ళు తుడుచుకుని తన భుజంమీది జరీశాలువా తీసి నూకాలుకి కప్పాడు. "వేపవాసాలే కట్టించండి. లాయం పెత్తనం పైడయ్యది, పైడయ్యమీద పెత్తనం ఎలాగూ నీదే. మరి ఇంత తుమ్మకంప తెప్పించాం, దీన్నేం చెయ్యమంటావే?"

నూకాలు మోకు చుట్టుకుంటూ అంది:

"పారెయ్యకండి దొరా. కొలువు గుమ్మానికి కట్టించండి. గుర్రాలు ఆగకపోయినా, గుర్రమెక్కని సలహాలు ఆగుతాయి!"