తొలిచాలుకు కట్టిన కోడెలు

వెన్నెలవాడను ఏలే నారపరాజుగారికి జాలి పుట్టిందంటే జనం గుండెలు చిక్కబట్టుకోవలసిందే. ఓరోజు ఆయన వాహ్యాళికి వెళ్తుంటే, గొల్ల బీరప్ప తన కొట్టం ముందు కోడెదూడను పడవేసి, అది కాడికి లొంగాలని రెండు కర్రల మధ్య దాని విత్తులు నొక్కుతున్నాడు. దూడ అంబా అని అరిచింది. రాజుగారి కళ్ళు చెమర్చాయి.

"ఇకమీదట నా రాజ్యంలో ఏ కోడెకూ ఈ బాధ ఉండకూడదు!"

రాజు ఔనంటే ఔను, కాదంటే కాదు అనే మంత్రి పేర్రాజు వెంటనే అందుకున్నాడు. "ఆహా, ఏమి దయ! వీణ్ణి చెరలో వేసి, మందను లాక్కుందాం ప్రభూ!"

అన్నంత పనీ అయింది. ఆ నాలుగు ఆవులే ఆధారమైన బీరప్ప పెళ్ళాం ఎల్లమ్మ, ఏడుస్తూ విదూషకుడు తిప్పన్న గుమ్మం తొక్కింది.

"నొక్కని కోడె కాడి కింద మెడ పెడతాదా అయ్యా? మావోడు ఏం పాపం చేసినాడు?"

తిప్పన్న ఆమెను ఊరడించి పంపాడు. జాలి పడితే పడ్డాడు, అది దూడ దగ్గరే ఆగిపోవాలా అని రాజు మీద అతనికి ఒళ్ళు మండింది. కానీ ఎదురు చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే. మర్నాడు సభలో చేతులు జోడించాడు.

"ప్రభూ, రేపు ఏరువాక. తమరు తొలిచాలు దున్నాలి. క్రూరంగా నొక్కిన ఎద్దులతోనా? అపచారం! నొక్కని కోడెలనే కడదాం."

ఈ మాట తనకు ముందు తట్టనందుకు మంత్రి ఉడుక్కున్నాడు. "నేను చెప్పబోయిందీ అదే!"

"అనుకున్నాను మంత్రిగారూ. అయితే ముందు తమరే నాగలి మేడి పట్టి, ఒక చాలు తోలి చూపించండి."

రాజు సెబాష్ అన్నాడు. మంత్రికి ఇక తప్పింది కాదు.

ఏరువాకనాడు ఊరంతా గట్టున చేరింది. పదిమంది నానా తంటాలు పడి రెండు కోడెలను కాడికి కట్టారు. మంత్రి పట్టుపంచె ఎగ్గట్టి మేడి మీద చెయ్యి వేశాడో లేదో, ఒకటి తూర్పుకు లాగింది, రెండోది దాన్ని కుమ్మింది. అంతలో గట్టు మీద ఎవరిదో ఆవు కనబడింది. ఇంకేముంది! రెండూ ఏకమై అటే పరుగు. తలపాగా ఒకచోట, మంత్రి ఒకచోట. నాగలి తుమ్మమొద్దుకు తగులుకుని ఆగేసరికి, ఆయన కోడెల పక్కనే బురదలో బోర్లా పడి ఉన్నాడు.

రాజు కంగారుపడ్డాడు. "తిప్పన్నా! వీటిని మెత్తబరచగలవాడు నా రాజ్యంలో ఒక్కడూ లేడా?"

"ఉన్నాడు ప్రభూ. తమరి చెరలో ఉన్నాడు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పాత ఎద్దులను తోలుకురండి! బీరప్పను విడిపించండి!"

ఏం జరిగిందో తెలియని బీరప్ప, భటులు తిరిగిచ్చిన తన కర్రలు చేతబట్టుకుని పరుగున వచ్చి దండం పెట్టాడు.

"ఎవరికి సామీ?"

బురదలోంచి తలెత్తిన మంత్రి ఆ కర్రలను చూశాడు. పంచె రెండు చేతులా పట్టుకుని లంకించుకున్న ఆ పరుగు కోడెలకు కూడా చేతకాదు. గట్టంతా గొల్లున నవ్వింది. రాజు కళ్ళు తుడుచుకుంటూ బీరప్పకు మందనూ, దానితోపాటు ఆ కోడెల జతనూ ఇప్పించి, తన చేతి కంకణం తీసి తిప్పన్నకు తొడిగాడు.