తిరుపాలు బెత్తెడు

రాజుల కథలైతే అనగనగా అని మొదలుపెట్టొచ్చు. మా తిరుపాలుకు రాజ్యం లేదు, గుర్రం లేదు, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. అయినా వినండి. కంప్యూటరు ఇంటికి కొత్త కోడలిలా వచ్చిన కాలం అది. దానికి ముసుగు వేసేవాళ్ళు, బొట్టు పెట్టేవాళ్ళు, గాలి మాత్రం సోకనిచ్చేవాళ్ళు కారు. అంత పాత కాలం.

ఆ కాలంలో మగ్గాలపేటలో తిరుపాలు అనే ముసలాయన ఉండేవాడు. తిరగలి రాళ్ళు అరిగిపోతే ఉలితో మళ్ళీ గాట్లు పెట్టడం ఆయన పని. "తిరగళ్ళకు కక్కు కొడతామమ్మా" అని కేకేసుకుంటూ వీధివీధీ తిరిగేవాడు. ఉలి పట్టీ పట్టీ ఆయన వేళ్ళు లావెక్కి పోయాయి. కానీ రాయి ఎదుట కూర్చోగానే ఉలి తీసేవాడు కాదు. ముందు వేలితో తట్టి, చెవి ఆనించేవాడు. లోపల బీట ఉంటే రాయే చెబుతుందట. "ముందు విను, తర్వాత చూడు, ఆఖర్న ముట్టు" అనేవాడు. ఆ మాట తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు.

మిక్సీలు వచ్చాయి. తిరగళ్ళు గుమ్మం పక్కకు చేరి పిల్లలు కూర్చునే పీటలయ్యాయి. తిరుపాలు ఎవరినీ తిట్టుకోలేదు. మిక్సీ మూలబడితే మిక్సీ దగ్గర కూర్చున్నాడు. ఫ్యాను మూలబడితే ఫ్యాను దగ్గర కూర్చున్నాడు. విన్నాడు, చూశాడు, ముట్టాడు. పొట్టకింత దొరికేది.

అదే పేటలో చౌడమ్మ అనే ఆమె మగ్గం నేసేది. ఆమె తల్లి కల్పించిన అంచు ఒకటుంది. చీమలబారు అంచు అంటారు. చీర పొడుగునా సన్నటి చీమలు ఒకదాని వెనక ఒకటి నడిచిపోతున్నట్టే ఉంటుంది. తల్లి దాన్ని గళ్ళ కాగితాల మీద గీసి పోయింది. ఆ చీమలను చెదలు తినడం మొదలుపెట్టాయి. పురుగుల్లో కూడా బంధుప్రీతి లేదు చూడండి. చౌడమ్మ హడలిపోయి, కంప్యూటరు కొని, నానా తంటాలు పడి నేర్చుకుని, ఆ గళ్ళను ఒక్కొక్కటే అందులోకి ఎక్కించింది. మూడు వానాకాలాలు పట్టింది. అంతా ఎక్కేసరికి కాగితాలు పోయి పొడే మిగిలింది. ఇక అమ్మ అంచు ఆ పెట్టెలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు.

మరి అలాంటి పెట్టెను ఎలా చూసుకోవాలి? చౌడమ్మ తల్లిని చూసుకున్నట్టే చూసుకుంది. మగ్గం గదిలో మూలకు, గోడకు ఆనించి పెట్టింది. దూది నూగు పడకుండా తను నేసిన గుడ్డే కప్పింది. పొద్దునా సాయంత్రం ఊదుబత్తి వెలిగించింది. అంత ప్రేమను ఏ పెట్టె తట్టుకుంటుంది?

ఒకరోజు అది పని మధ్యలో ఆరిపోయింది. మళ్ళీ మీట నొక్కితే వెలిగింది. మొదట్లో పప్పు ఉడికేంతసేపు ఉండేది. తర్వాత అన్నం ఉడికేంతసేపే ఉంది. ఆఖరికి పాలు పొంగేలోపే ఆరిపోయేది.

చౌడమ్మ ఒకరి తర్వాత ఒకరిని ముగ్గురిని పిలిపించింది. మొదటాయన "మదర్‌బోర్డు పోయింది" అన్నాడు. రెండో ఆయన "వైరస్సు. ఫార్మాట్ కొట్టాల" అన్నాడు. మూడో ఆయన "పాతదానికి ఎందుకమ్మా తిప్పలు, కొత్తది తీసుకో" అన్నాడు. ముగ్గురూ చూశారు. ముగ్గురిలో ఒక్కరూ వినలేదు.

"ఫార్మాట్ కొడితే లోపలుండేటివి?" అని రెండో ఆయన్ను అడిగింది చౌడమ్మ.

"అన్నీ పోతాయి. పెట్టె మాత్రం కొత్తదాని మాదిరి అవుతాది."

అంచు చూసి నేసే వీల్లేక మగ్గం ఆగి పక్షం రోజులైంది. మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. చౌడమ్మ ఏడ్చి ఏడ్చి, రేపు మధ్యాహ్నం వచ్చి ఫార్మాట్ కొట్టమని ఆయనకు చెప్పింది.

మర్నాడు పొద్దున్నే, ఎప్పుడో చెప్పిన మిక్సీ కోసం తిరుపాలు వచ్చాడు. ఆమె కళ్ళు చూసి మిక్సీ సంగతి మరిచిపోయాడు. జరిగిందంతా విన్నాడు.

"నేను కాసేపు దాని కాడ కూచుంటా పాపా."

"నీకేం తెలుసు తాతా? ఇట్లాంటిది ఎప్పుడన్నా ఇప్పినావా?"

"ల్యా. మిక్సీలు ఇప్పినా, ఫ్యాన్లు ఇప్పినా. నేను చెడగొడితే మాత్రం పోయేదేముంది? మధ్యాన్నం ఆయప్ప వచ్చి ఎట్లాగూ అంతా తుడిచేస్తాడు గదా."

చౌడమ్మ పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

తిరుపాలు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందు మీట నొక్కించి విన్నాడు. లోపల ఏదో మూలుగుతోంది. తర్వాత చూశాడు. వెనక గాలి పోయే చిల్లులన్నీ గోడకు కరుచుకుని ఉన్నాయి. ఆఖర్న ముట్టాడు. రొట్టె పెనంలా కాలింది. తీగ ఊడదీసి, మరలు విప్పి, మూత తీశాడు. లోపలి ఫ్యాను కనబడితే ఒట్టు. దూది నూగు, ఊదుబత్తి మసి కలిసి పరుపులా పేరుకుపోయాయి.

"పాపా, దీనికి జబ్బేం ల్యా. ఊపిరాడక సస్తాంది."

చౌడమ్మ కప్పిన గుడ్డను మడిచి పక్కన పడేసింది. గుడ్డ కప్పింది తనే. గోడకు ఆనించింది తనే. ఊదుబత్తి వెలిగించిందీ తనే.

తిరుపాలు సంచిలోంచి గడ్డం గీసుకునే బ్రష్షు తీశాడు. రాతి గాట్లలో పిండి ఊడ్చినంత నెమ్మదిగా ఊడ్చాడు. పొద్దు బారెడెక్కింది. తీగ తగిలించి మీట నొక్కితే తెర నల్లగానే ఉంది. పెట్టె మాత్రం కుయ్, కుయ్, కుయ్ అని మూడుసార్లు కూసింది.

"ఉండే ప్రాణం కూడా తీసినావు తాతా" అంది చౌడమ్మ.

తిరుపాలు కోప్పడలేదు. చెవి ఆనించి మళ్ళీ విన్నాడు. "ఏడుస్తాంది పాపా. సచ్చింది ఏడవదు."

ఊడ్చేటప్పుడు ఒక సన్నటి పలక కదిలింది. తీగ ఊడదీసి, దాన్ని పైకి లాగి చూశాడు. అంచున పసుప్పచ్చటి పళ్ళు మసకబారి ఉన్నాయి. టీవీ రిమోట్లో బ్యాటరీలు తగిలే బిళ్ళలు మసకబారితే, పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరుతో ఆయన రుద్దేవాడు. దీన్నీ అలాగే రుద్ది, టక్కుమనేదాకా నొక్కి కూర్చోబెట్టాడు. మూత బిగించాడు. బల్లను గోడ నుంచి ముందుకు జరిపి, గోడకూ పెట్టెకూ మధ్య చెయ్యి పెట్టి కొలిచాడు.

"ఇంత వదులు. నా బెత్తెడు."

గుర్తుకని ఆ నాలుగు వేళ్ళనూ సున్నపు గోడకు ఆనించి తీస్తే, వాటి మసి అచ్చు పడింది.

తీగ తగిలించి మీట నొక్కితే తెర వెలిగింది. చౌడమ్మకు నమ్మకం కుదరలేదు. పొయ్యి మీద పాలు పెట్టింది. పాలు పొంగాయి, తెర ఆరలేదు. అన్నం పెట్టింది. అన్నం ఉడికింది, తెర ఆరలేదు. పప్పు పెట్టింది. పప్పు మెత్తగా ఉడికింది, తెర ఆరలేదు. తెర మీద అమ్మ చీమలు బారు తీరి ఉన్నాయి. చౌడమ్మ అక్కడే కూలబడి, తల్లి పోయిననాడు ఏడ్చినంత ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని అంచును రెండు సీడీల్లోకి ఎక్కించి, ఒకటి పక్కింట్లో దాచింది.

"ఏమిచ్చుకోవల్ల తాతా నీకు?"

"పాలుండాయి, అన్నముంది, పప్పుంది. ఇంగేం గావల్ల?"

మధ్యాహ్నం ఫార్మాట్ కొట్టే ఆయన వచ్చి, చూసి, వచ్చిన దారినే వెళ్ళాడు. ఆ వారంలోనే గడ్డం బ్రష్షు ఒకటి కొన్నాడని చెప్పుకున్నారు. ఆనాటి నుంచి పేటలో ఏ పెట్టె మూలిగినా తిరుపాలే వెళ్ళాడు. విన్నాడు, చూశాడు, ముట్టాడు. ఎన్నో ఏళ్ళకు ఒక ఎండాకాలం కన్నుమూశాడు.

దండ వేద్దామంటే ఆయన ఫోటో ఎవరింట్లోనూ లేదు. ఊరందరి వస్తువులూ బాగుచేసిన మనిషిని ఒక్కరం కూడా నిలబెట్టి ఫోటో తీయలేదు. చౌడమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది. ఏటా సున్నం వేసినా ఆ నాలుగు వేళ్ళ అచ్చును ఆమె చెరపనివ్వలేదు. దాని మీద ఒక దారం పట్టి, అంతమేర తెంపింది. ఆ దారం కొలతతో, కొంగు మొదలయ్యే చోట చీమలబారును ఆపి, బెత్తెడు ఖాళీ వదిలి చీర నేసింది.

చీరలు కొనే షావుకారు దాన్ని విప్పి ముఖం చిట్లించాడు. "ఇక్కడ చీమలు ఆగిపోయినాయే. నేత తప్పిందా?"

"తప్పల్యా సామీ. మా తాత చెయ్యి పెట్టిన చోటు అది."

ఇప్పటికీ మగ్గాలపేటలో ఎవరింటికి కంప్యూటరు వచ్చినా, ఫ్రిజ్జు వచ్చినా, ఆ కొలత దారం అడిగి తెచ్చుకుంటారు. గోడకు పట్టి, "తిరుపాలు బెత్తెడు వదిలినారా?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. ఆయుధ పూజనాడు మగ్గం పక్కన గడ్డం బ్రష్షుకూ, రబ్బరు ముక్కకూ పసుపు కుంకుమ పెడతారు. చీమలబారు చీర మీ చేతికొస్తే, చీమలు ఆగిన చోట మీ నాలుగు వేళ్ళూ ఆనించి చూడండి. ఎవరు ఆనించినా కొంచెం జాగా మిగులుతుంది. ముసలాయన వేళ్ళు లావు.