నక్క తెచ్చిన గడియ కర్ర

నందన నామ సంవత్సరం. మృగశిర కార్తె వెళ్లిపోతున్నా ఒక్క చినుకు రాలలేదు.

వాగు ఒడ్డున జంతువులన్నీ కలిసి వేసుకున్న బడి ఒకటుండేది. రాటలు మోటెద్దు లాక్కొచ్చింది. గోడల మట్టి మేకలు తొక్కాయి. కప్పు గిజిగాళ్లు అల్లాయి. తలుపు ఎలుగుబంటి తెచ్చింది. తెలిసినవాళ్లు చెప్పాలి, తెలియనివాళ్లు అడగాలి. అంతే అక్కడి కట్టుబాటు.

బావిలోంచి మోట లాగీ లాగీ ముసలిదైపోయాక మోటెద్దుకు చదువు మీదికి మనసు మళ్లింది. పొద్దుగూకే వేళ వచ్చి గిట్టతో ఇసుకలో అక్షరాలు దిద్దేది. కింద కూర్చుంటే ఏమీ కనబడని ఉడుతమ్మ దాని ఎడమ కొమ్ము మీదికెక్కి కూర్చునేది.

"తాతా, ఆ సున్నా మూసెయ్యలేదు."

"నువ్వు నోరు మూస్తున్నావా? దానికి తోడుంటుందిలే."

ఎండకు గడ్డి మాడిపోయింది. మేత వెతుక్కోవడంలో పడి, వానలకు ముందు అందరూ కప్పు మళ్లీ నేసే వంతులు తప్పాయి. అదను చూసి నక్క వచ్చింది.

"పెద్దదిక్కు లేని బడి ఎన్నాళ్లు నిలుస్తుంది? దాని సంగతి నాకొదిలి మీరు మేత చూసుకోండి."

"బరువు దించుతానంటే వద్దంటామా, బావా!" అంది మేక.

మోటెద్దు ఒక్కటే తల అడ్డంగా ఊపింది. మొండి ముసలి అని అందరూ నవ్వారు.

మర్నాడే నక్క తలుపుకు గడియ కర్ర పెట్టింది. తన పిల్లల్ని ముందు కూర్చోబెట్టింది. ఇకమీదట ఎవరూ ఏమీ అడగకూడదంది.

"ఎందుకూ?" అంది ఉడుతమ్మ.

"ఇదిగో, ఇందుకే!" నక్క దాన్ని బయటికి గెంటి గడియ వేసింది.

మోటెద్దు ఎడమ కొమ్ము తేలికైపోయింది. ఎన్ని మోటలో మోసిన ఎద్దు ఆ తేలికను మొయ్యలేకపోయింది.

"గడియ తియ్యి, బావా. అడగనిదే అమ్మైనా పెట్టదే, అడగొద్దంటే ఇదేం బడి?"

"దాన్ని ముట్టుకున్నావో ఊరుకోను! అడవంతా గాలించి తెచ్చుకున్నా. ఎవరు తెచ్చింది వాళ్లది!"

"ఎవరు తెచ్చింది వాళ్లదేనా?"

"ముమ్మాటికీ!"

మోటెద్దు వెనక్కి తిరిగింది. "విన్నారుగా. గిజిగాళ్లూ, ఆ గడ్డి మీది. మేకమ్మా, ఈ మట్టి మీది. రాటలు నావి. పట్టుకెళ్దాం పదండి."

"కప్పు తీసేస్తే ఇంక బడేదీ, తాతా?" అంది మేక.

"ఉడుతమ్మ బయటుంది కదే. బడీ అక్కడే ఉంది."

గిజిగాళ్లు కప్పు దూశాయి. మేకలు గోడలు కుమ్మాయి. మోటెద్దు కొమ్ములు పెట్టి ఒక్కో రాటా పెరికింది. చివరి రాట లోతుగా దిగి ఉంది. అది లేచింది గానీ, దాంతోపాటు ఏదో ఫెళ్లుమంది.

పొద్దు వాలేసరికి, గోతుల నడుమ గడియ కర్ర పట్టుకుని నక్క ఒక్కటే మిగిలింది. వేద్దామంటే తలుపు లేదు. అదీ ఎలుగుబంటి తెచ్చిందే. దాని పిల్లలు కూడా అప్పుడే అందరితో వాగు దాటేశాయి.

"మరి నేను?" అని అరిచింది నక్క.

"రా బావా," అంది అవతలి ఒడ్డున రాటలు దించుకుంటూ మోటెద్దు. "వంతు వచ్చినప్పుడు కప్పు నెయ్యాలి మరి."

అందరి చెయ్యీ పడ్డ బడికి గడియతో పనిలేదు.

ఉడుతమ్మ ఇప్పుడు కుడి కొమ్ము మీద కూర్చుంటోంది. ఎడమది మళ్లీ మొలవలేదు.